రూడీ ఆడని నాలుగు ఇన్నింగ్స్

మధ్యాహ్నం ఏమీ తోచక టీవీ పెడితే పాత హాస్య నాటికలు ఇప్పటికీ వస్తుంటాయి. నలుపు తెలుపు బొమ్మలు, సోఫా వెనక నుంచి తొంగిచూసే అత్తగారు, టోపీ ఎక్కడో పారేసుకుని నెత్తి తడుముకునే మొగుడు. ఎవరో ఒక మాట అంటారు, కనబడని జనం గొల్లున నవ్వుతారు. మీరూ నవ్వుతారు కాబోలు. మా కార్వర్ బెండ్ వాళ్ళం మాత్రం ఆ నవ్వు వినగానే ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. ఆ నవ్వుల్లో సగానికి సగం మా ఊరి ఎమిల్ కోలార్ వేళ్ళతో పుట్టించినవే. ఆ ఎమిల్ నవ్వగా చూసినవాళ్ళు మాత్రం, పంతొమ్మిది వందల నలభై ఎనిమిది ఆగస్టు తర్వాత, మా ఊళ్ళో ఒక్కరూ లేరు.

ఎమిల్ తండ్రి ఓట్స్ మిల్లులో పనిచేసేవాడు. ముప్పై నాలుగులో గింజల గాదెలో పడి, ఊపిరాడక పోయాడు. ఆ కబురు చెప్పడానికి మిల్లువాళ్ళు ఒక గుమాస్తాను పంపించారు. ఆ మహానుభావుడు కారు దిగలేదు సరికదా, ఇంజను కూడా ఆపలేదు. దండెం మీద బట్టలారేస్తున్న ఎమిల్ తల్లి బోజెనాను వీధిలోంచే కేకేసి, "కోలార్ పెళ్ళానివి నువ్వేనా? మీ ఆయన పోయాడమ్మా!" అని చక్కాపోయాడు. ఇరుగుపొరుగంతా కంచెల మీంచి చూస్తూనే ఉన్నారు. తడి దుప్పటి చేతిలో పట్టుకుని ఆవిడ ఎంతసేపు నిలబడిందో ఎవరూ లెక్కపెట్టలేదు. పద్నాలుగేళ్ళ ఎమిల్ గుమ్మంలోంచి అంతా చూశాడు. ఈ ఇంటికి మళ్ళీ చెడ్డ కబురంటూ వస్తే అది తన నోటితోనే, తలుపు మూసి, అమ్మను కూర్చోబెట్టి చెప్పాలని ఆ రోజే అనుకున్నాడు. అతని బతుకులో జరిగిన ఘోరమంతా ఆ మంచి బుద్ధిలోంచే పుట్టుకొచ్చింది.

అయిదేళ్ళప్పుడు పోలియో వచ్చి ఎమిల్ ఎడమ కాలు సన్నబడిపోయింది. బేస్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఊళ్ళో, పరిగెత్తలేని కాలితో పెరగడం ఎలా ఉంటుందో ఇంకొకరికి చెబితే అర్థమయ్యేది కాదు. అందుకని ఆరేళ్ళు చిన్నవాడైన తమ్ముడు రూడీని పట్టుకున్నాడు. పెరట్లో బాల్చీ బోర్లించి దాని మీద కూర్చుని, బంగాళాదుంపలు విసిరేవాడు. రూడీ గరిటె కాడతో కొట్టేవాడు. "ఒరే దరిద్రుల్లారా, కూరలోకి నాలుగన్నా ఉంచండిరా!" అని బోజెనా వంటింట్లోంచి అరిచేది. ఆ అరుపులో కోపం లేదని పేటంతటికీ తెలుసు. పదహారేళ్ళు వచ్చేసరికి రూడీ కొట్టిన బంతి మిల్లు గోడ దాటి పోయేది. ఇరవై ఏళ్ళకు మిల్లు జట్టులో రెండో బేస్ దగ్గర నిలబడ్డాడు.

ఎమిల్‌కు దేవుడు కాలు తీసుకుని గొంతు ఇచ్చాడు. ఇనప సామాన్ల కొట్టు మీద మేడగదిలో మా ఊరి రేడియో స్టేషన్ ఉండేది. జట్టు పై ఊళ్ళలో ఆడేటప్పుడు ఆట చెప్పే పని ఎమిల్‌ది. అంత దూరం మనిషిని పంపే స్తోమత స్టేషన్‌కు ఎక్కడిది? అక్కడి మైదానంలో ఒకడు తంతి మీద టకటకమని కొడితే, ఇక్కడ అద్దం గదిలో వెర్నా ప్రూయిట్ విని, చీటీల మీద రెండు మూడు మాటలు రాసి కన్నంలోంచి అందించేది. "బయటికి." "కొట్టాడు, ఎడమకి." అంతే. తక్కిన ఆటంతా ఎమిల్ నోట్లోంచి రావాలి. పక్కన తాడుకు వేలాడే చెక్క ముక్కను పుల్లతో కొడితే అది బ్యాటు దెబ్బ. రెండు గ్రామఫోన్ రికార్డులు, ఒకటి జనం గుసగుసలు, రెండోది జనం హోరు. ఎండ మొహంలో కొడుతోందనీ, బంతి విసిరేవాడు చెమట తుడుచుకుంటున్నాడనీ ఎమిల్ చెబుతుంటే, మేడగదిలో అతను ఒక్కడే గోడ చూస్తూ కూర్చుని ఉండేవాడు.

ఇది మాకు తెలియదనుకునేరు! అందరికీ తెలుసు. ఒకసారి ఒక రైతు పనిగట్టుకుని మేడెక్కి, ఆ చెక్కముక్కనూ పుల్లనూ కళ్ళారా చూసి వెళ్ళాడు. మర్నాడు సాయంత్రం అదే రైతు రేడియో ముందు కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. వేసవిలో ప్రతి వసారాలోనూ ఒక రేడియో. పెద్ద వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే ఒక్క బంతి కూడా తప్పిపోయేది కాదు. అలాంటి సాయంత్రాలు మళ్ళీ రావు, రమ్మన్నా రావు.

తంతి తెగిపోయిన రోజుల్లోనే ఎమిల్ అసలు ప్రతాపం. ఒక జూన్‌లో గాలివాన వచ్చి పద్దెనిమిది నిమిషాలు ఒక్క చీటీ రాలేదు. ఏం చేస్తాడు? మైదానంలోకి కుక్కను తోలాడు. మచ్చల కుక్క. దాన్ని పట్టుకోవడానికి ఇద్దరు ఆటగాళ్ళు పరిగెత్తారు, ఒకడి లాగు చిరిగింది, కుక్క మూడో బేస్ దిండు ఎత్తుకుపోయింది. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఇంటికొస్తే బోజెనా మొదటి ప్రశ్న అదే.

"కుక్కకి దెబ్బలేం తగల్లేదు కదరా?"

"లేదమ్మా, బానే ఉంది. అన్నం కూడా పెట్టారంట."

మర్నాడు రూడీ ఆడిన ఊరి నుంచి తిరిగొచ్చి, "ఏ కుక్కా?" అని తెల్లమొహం వేశాడు. బోజెనా గరిటె తీసుకుని ఎమిల్ వీపు మీద ఒక్కటిచ్చింది. "దొంగ వెధవా! రాత్రంతా దాని గురించే ఆలోచించానురా!" అని, నవ్వలేక కుర్చీలో కూలబడింది. ముగ్గురూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నారు. అబద్ధం మీద కోపం వచ్చే మనిషి కాదు ఆవిడ, అప్పటికి.

ఆ నలభై ఎనిమిది ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం జట్టు హార్లన్‌విల్‌లో ఆడుతోంది. అది పశ్చిమాన రెండు వందల యాభై మైళ్ళు. చీటీలు ముందొచ్చి పోగుపడేవి, ఎమిల్ అర ఇన్నింగ్స్ వెనకగా చెప్పుకుంటూ వెళ్ళేవాడు. అతను నాలుగో ఇన్నింగ్స్ చివర్లో ఉండగా కన్నంలోంచి వెర్నా చెయ్యి వచ్చింది. చెయ్యి వచ్చింది గాని చీటీ వదల్లేదు. ఎమిల్ లాక్కోవలసి వచ్చింది.

అందులో అయిదు మాటలున్నాయి. కోలార్. తలకి. పడ్డాడు. కదల్లేదు. మోసుకెళ్ళారు.

ఆ రోజుల్లో తలకు ఇనప టోపీలూ అవీ ఎక్కడివి, బట్ట టోపీయే గతి. ఎమిల్ చీటీ రెండుసార్లు చదివాడు. కాని నోరు ఆగలేదు. పదేళ్ళ అలవాటు, నోరు దాని దారిన అది పోతూనే ఉంది. నాలుగో ఇన్నింగ్స్ ముగించి, బట్టల సబ్బు పాట రికార్డు పెట్టి వెనక్కి తిరిగేసరికి వెర్నా తలుపు తీసుకుని లోపలికి వచ్చేసింది. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ లవంగం నములుతుండేది. ఆ వేళ దవడ కదలడం లేదు.

"చెప్పెయ్ ఎమిల్. ఉన్నదున్నట్టు చెప్పెయ్."

"మా అమ్మ ఒక్కతే ఉంది ఇంట్లో. రేడియో ముందు."

"ఊరంతా వింటోందయ్యా. ఎవరో ఒకరు వెళ్ళరా ఆవిడ దగ్గరికి?"

"ఎవరో ఒకరా? కంచె మీంచి చూట్టానికా? వద్దు. ఆట అవగానే నేనే వెళ్తా. నేనే చెప్తా. అయినా వాడికేం కాదు వెర్నా. చిన్నప్పుడు వాడు వెళ్ళి గేటుకి గుద్దుకుంటే గేటే వంకరపోయింది."

"కదల్లేదని ఉంది అందులో."

"కదుల్తాడు."

"నీకేమన్నా మతిపోయిందా? ఇది కుక్క కాదయ్యా!"

సబ్బు పాట అయిపోవచ్చింది. వెర్నా అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, అద్దం వెనక్కి వెళ్ళిపోయింది. మైకు మీది ఎర్రదీపం వెలిగింది.

ఎమిల్ రూడీని నిలబెట్టాడు. మొదటి బంతి చీటీలో ఉన్నట్టే బయటికి. రెండోది గీత మీద. ఆ తర్వాతది ఉన్నట్టు చెప్పలేదు. దాన్నీ బయటికి పంపాడు, ఇంకొకటీ, ఇంకొకటీ పంపాడు. "నాలుగో బంతీ దూరమే! రూడీ కోలార్ బ్యాటు అక్కడ పడేసి, కూనిరాగం తీసుకుంటూ మొదటి బేస్‌కి నడిచిపోతున్నాడు, చూడండి!" నాలుగు బంతులు దూరంగా పోతే మొదటి బేస్ ఊరికే ఇస్తారు, దెబ్బ తగిలినవాడికీ అదే ఇస్తారు గనక ఆట లెక్క ఎక్కడా తప్పలేదు. అక్కడ రూడీ బదులు లెస్టర్ పైల్ అనే కొత్తవాడు వచ్చి నిలబడ్డాడు. ఆ తర్వాత వెర్నా చీటీల మీద పైల్ అని రాసిన చోటల్లా ఎమిల్ రూడీ అని చదివాడు. పని అంత సులువుగా జరిగిపోయింది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఏదో సాకు చెప్పి, ఆరో ఇన్నింగ్స్‌లోనో ఏడోదాంట్లోనో కాలు బెణికిందని రూడీని పక్కన కూర్చోబెట్టినా సరిపోయేది. తర్వాతి కాలంలో ఎమిల్ ఆ మాటే వెర్నాతో వందసార్లు అన్నాడు. కాని చెబుతున్నంతసేపూ వాడు ఎమిల్ కళ్ళకు కనబడుతున్నాడు. టోపీ వెనక్కి నెట్టుకుని, పళ్ళికిలిస్తూ, రెండో బేస్ దగ్గర మట్టి తన్నుతూ కనబడుతున్నాడు. నోరు మూస్తే పోతాడని భయం వేసింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో చీటీ వచ్చింది. పైల్ కొట్టాడు, ఎడమకి, ఒకడు హోమ్ బేస్ చేరాడు, పరుగు. ఎమిల్ పుల్ల తీసుకుని చెక్కముక్కను పగిలేలా కొట్టాడు. హోరు రికార్డును పూర్తిగా పెంచేశాడు. "కొట్టాడు! కొట్టాడు మా రూడీ! బంతి గోడ దాకా పోయింది!" అని గొంతు చించుకున్నాడు. చీటీలో గోడ ఊసే లేదు. అద్దం వెనక వెర్నా మొహం తిప్పేసుకుంది.

వీధుల్లో జనం వసారాల్లోంచి బయటికొచ్చి చప్పట్లు కొట్టారు. పక్కింటి లుద్మిలా చేతికంటిన పిండితోనే బోజెనా వంటింట్లోకి పరిగెత్తింది.

"విన్నావా వదినా! గోడ దాకా కొట్టాడంట!"

"వినకేం, చెవిటిదాన్నా?" అంది బోజెనా. మొహం వెలిగిపోతోంది. ఆదివారాలు గసగసాల రొట్టెలు చేసేది. పొయ్యిలోంచి పళ్ళెం తీస్తుండగా వీధి తలుపు చప్పుడైంది. చర్చి ఫాదర్ మతేయ్ నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"బోజెనా, ఆ రేడియో కాస్త ఆపమ్మా."

"ఉష్! ఉండండి ఫాదర్, మా చిన్నోడు బేస్ మీదున్నాడు."

"హార్లన్‌విల్ నుంచి జట్టు మేనేజరు ఫోన్ చేశాడమ్మా. రూడీ తలకి బంతి తగిలింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాలుగున్నరకి…"

"ఎవరో వేరే వాడై ఉంటాడు. మీరు పొరబడ్డారు."

"పొరబాటు కాదమ్మా."

"పొరబాటే! ఇప్పుడే కదండీ కొట్టింది? వాళ్ళన్నే చెప్పాడు. వినబడట్లా? సొంత అన్న చెప్తున్నాడు!" అని, ఆయన చేతిలో వేడి రొట్టె పెట్టి కుర్చీ చూపించింది. "కూచోండి. తినండి. ఆట అయిపోనీండి."

పాపం ఫాదర్ ఏం చేస్తాడు? కూర్చున్నాడు. చచ్చిపోయిన పిల్లవాడు తొమ్మిదో ఇన్నింగ్స్ ఆడుతుంటే, రొట్టె చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నాడు. మిల్లు జట్టే గెలిచింది. లుద్మిలా గోడకు ఆనుకుని నోట్లో ఏప్రన్ అంచు కుక్కుకుంది.

ఎమిల్ కాలు ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చేసరికి బోజెనా వసారాలో నిలబడి ఉంది. వీధిలో ఇరుగుపొరుగంతా చేరి ఉన్నారు, సరిగ్గా ఆ రోజులాగే. తలుపు మూసే వీల్లేదు, కూర్చోబెట్టే వీల్లేదు.

"ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కొట్టిందెవరు?" అని అడిగింది.

"అమ్మా, లోపలికి రా. చెప్తా."

"కొట్టిందెవర్రా?"

"లెస్టర్ పైల్."

"అయిదులో నడుచుకుంటూ వెళ్ళిందెవరు?"

ఎమిల్ మెట్టెక్కబోయాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎమిల్ మెట్ల మీద కూర్చుండిపోయాడు.

ఊరు రెండుగా చీలింది. కొందరు పాపం అన్నారు. కొందరు మొహం చాటేశారు. మంగలి ఆల్విన్ గడ్డం గీస్తూ గీస్తూ కత్తి ఆపి, "వాడక్కడ ప్రాణం వదుల్తుంటే నేనిక్కడ చప్పట్లు కొట్టానయ్యా ఎమిల్! నాచేత కొట్టించావు!" అన్నాడు. ఆ మాట ఎమిల్‌కు కత్తి దిగినట్టే దిగింది. సమాధి మీద మట్టి ఆరకముందే రేడియో పని మానేశాడు, మళ్ళీ మైకు ముందు కూర్చోలేదు. కలప అడితిలో దుంగలు లెక్కపెట్టే పనిలో చేరాడు.

బోజెనా తిట్టలేదు, శపించలేదు. వండిపెట్టింది, చొక్కాలు ఉతికింది. నమ్మడం మానేసింది, అంతే. వాన పడుతోందమ్మా అంటే కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకునేది. పాలు పొంగాయంటే లేచి వెళ్ళి చూసేది. ఆదివారం చర్చిలో మాస్ ఎన్నింటికని ఎమిల్ చెబితే, లుద్మిలాను కేకేసి మళ్ళీ అడిగేది. ఇవన్నీ ఎమిల్ ముందే, ఏ దురుద్దేశమూ లేకుండా, తలుపు గడియ పడిందో లేదో చూసుకున్నంత మామూలుగా చేసేది. తిట్టినా బాగుండేదని ఎమిల్ ఏడ్చాడట వెర్నా దగ్గర. అమ్మతో ఇక చచ్చినా అబద్ధమాడనని ఒట్టు పెట్టుకున్నాడు. ఎప్పటికో ఒకనాటికి ఆవిడ తన మాట ఒక్కటి, ఒకే ఒక్కటి, వెళ్ళి చూసుకోకుండా నమ్మితే చాలనుకున్నాడు. అంతకు మించి అతను జీవితంలో ఏదీ కోరుకోలేదు.

ఈలోగా ఊరి మీదికి టీవీ వచ్చిపడింది. ఇంటి కప్పులన్నిటి మీదా యాంటెనా కడ్డీలు మొలిచాయి. మంగళవారం రాత్రి ఏడింటికి టోపీలమ్మే బార్నీ నాటిక వస్తుందంటే, మైదానంలో ఆటగాళ్ళు తొమ్మిదిమందీ, చూసేవాళ్ళు పదకొండు మందీ. యాభై మూడులో జట్టు ఎత్తేశారు. బెంచీల చెక్కలు పందుల దొడ్లకు పోయాయి. ఆ మైదానం మీదుగా వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ నేను చుట్టు తిరిగి పోతాను.

యాభై ఏడులో కాలిఫోర్నియా నుంచి ఎమిల్‌కు ఉత్తరం వచ్చింది. ఒకప్పుడు మా స్టేషన్‌లో రికార్డులు బాగుచేసిన మనిషి రాశాడు. టీవీ నాటికలకు నవ్వులు తగిలించే పని ఉంది, జనం గొంతు తెలిసినవాడు కావాలి, నీకంటే ఎవరున్నారు అని. ఎమిల్ నెలరోజులు ఆలోచించి వెళ్ళాడు. అక్కడ ఒక పెట్టె, టైపు మిషన్‌కు ఉన్నట్టు మీటలు. ఒక మీట నొక్కితే ఒక ముసలావిడ కిలకిల, ఇంకొకటి నొక్కితే లావుపాటి మగవాడి పొట్టనవ్వు, మరొకటి పిల్లల గోల. శబ్దం తీసేసి బొమ్మ చూసినా, ఎక్కడ ఎవరు ముందు నవ్వాలో, ఎవరు ఆలస్యంగా అర్థం చేసుకోవాలో, నవ్వు తర్వాతి మాట మీద పడకుండా ఎక్కడ చల్లారాలో ఎమిల్ వేళ్ళకు తెలుసు. అందరూ ఒకేసారి నవ్వితే అది యంత్రమని తెలిసిపోతుందనేవాడు. పక్కవాళ్ళు కడుపు పట్టుకుంటుంటే అతను మాత్రం మొహంలో ఒక్క గీత కదలకుండా మీటలు నొక్కేవాడట. బార్నీ నాటికకు ఎనిమిదేళ్ళు నవ్వింది అతనే.

ఇంటికి ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు.

"నేను బానే ఉన్నానమ్మా."

"పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"ఇల్లుగలావిడ ఉంది."

"ఆవిడకివ్వు ఫోను."

ఆవిడ తీసుకుని, "బాగానే ఉన్నాడమ్మా, కాస్త చిక్కాడు," అంటే అప్పుడు బోజెనా ఫోన్ పెట్టేసేది.

బార్నీ నాటిక ఆవిడ ఒక్క వారం కూడా తప్పకుండా చూసేది. కాని సౌండు పూర్తిగా తీసేసి చూసేది. లుద్మిలాకు ఒళ్ళు మండిపోయేది. "ఇదేం చూడ్డమే తల్లీ! వాడేమంటున్నాడో తెలీకుండా మూగోళ్ళ నాటకంలాగా!" అంటే, బోజెనా తెర మీంచి చూపు తిప్పకుండానే, "బార్నీ మంచోడే. ఆ నవ్వులు మావాడివి. అక్కడ నవ్వేవాళ్ళెవరూ లేరు," అనేది. లుద్మిలాకు మళ్ళీ అడగాలనిపించలేదు.

అరవై ఆరు నవంబరులో బోజెనా గుండె నీరసించింది. ఈ చలికాలం గడవడం కష్టమని డాక్టరు చెప్పేశాడు. ఎమిల్ సెలవు పెట్టి వచ్చాడు. ముందు గదిలో మంచం వేశారు. వచ్చిన నాలుగో రోజు మంగళవారం. బయట మంచు మొదలైంది, మంచు పడుతోందని ఎమిల్ చెప్పలేదు, తెర పక్కకు లాగి చూపించాడు. అప్పటికి అతను ఆ ఇంట్లో మాట్లాడే పద్ధతి అదే. ఏడింటికి టీవీ పెట్టాడు. బార్నీ తలుపు తీసి లోపలికొచ్చాడు, అత్తగారి మొహం చూసి మళ్ళీ బయటికి పోయాడు. గదిలో చప్పుడు లేదు.

"పెద్దోడా," అంది బోజెనా.

పద్దెనిమిదేళ్ళలో ఆవిడ అతన్ని అలా పిలవలేదు. ఎమిల్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆ రోజు ఆట చెప్పు. ఉన్నదున్నట్టు."

ఎమిల్ చెప్పాడు. పుల్ల లేదు, రికార్డులు లేవు. నాలుగు ఇన్నింగ్స్ చీటీల్లో ఎంత ఉందో అంతే చెప్పాడు. ఎండ ఉందో లేదో తనకు తెలియదని చెప్పాడు. అయిదో ఇన్నింగ్స్‌కు వచ్చి, "మొదటి బంతి బయటికి పోయిందమ్మా. రెండోది గీత మీద. మూడోది తలకి తగిలింది," అన్నాడు. ఆవిడ దుప్పటి అంచు పట్టుకుంది.

"ఎటు పడ్డాడు? బోర్లానా, వెల్లకిలానా?"

"తెలీదమ్మా."

"కళ్ళు తెరిచాడా మధ్యలో?"

"తెలీదు."

"వాణ్ణి మోసినవాళ్ళెవరు? మనవాళ్ళేనా?"

"తెలీదమ్మా. అయిదు మాటలే ఉన్నాయి ఆ కాగితం మీద."

ఆవిడ కాసేపు ఆయాసపడింది. ఎమిల్ నీళ్ళు పట్టాడు. తాగి, గ్లాసు పక్కన పెట్టించి, అతని చెయ్యి వదలకుండా పట్టుకుంది.

"నన్నేమన్నా తలుచుకున్నాడా? అమ్మా అన్నాడా?"

తంతి తెగితే పద్దెనిమిది నిమిషాలు మైదానంలో కుక్కను పరిగెత్తించిన నోరు అది. ఏం చెప్పాలో, ఎక్కడ ఆగాలో, ఏ మాట దగ్గర గొంతు తగ్గించాలో క్షణంలో అంతా నాలిక చివరికి వచ్చేసింది. రూడీ కళ్ళు తెరిచాడని, అమ్మ రొట్టెలు చేసే ఉంటుందని గొణిగాడని, మేనేజరు తర్వాత తనకు చెప్పాడని అనవచ్చు. ఎమిల్ పళ్ళు బిగపట్టాడు. ఇన్నేళ్ళకు ఆవిడ తనను అడిగింది, లుద్మిలాను కాదు. ఇప్పుడు తప్పితే ఇక ఎప్పుడూ లేదు.

"తెలీదమ్మా," అన్నాడు. "నిజంగా తెలీదు."

బోజెనా అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తల ఊపింది. లేచి చూసుకోవడానికి ఏమీ లేదక్కడ, అడగడానికి ఇంకెవరూ లేరు. నమ్మిందని ఎమిల్‌కు తెలిసింది. అతని కళ్ళు నిండిపోయాయి.

"ఆ రోజు తర్వాత నాతో ఒక్క అబద్ధమన్నా ఆడలేదు కదూ నువ్వు?"

"లేదమ్మా. ఒట్టు."

"ఇవాళ ఒక్కటి ఆడి ఉండాల్సిందిరా."

ఎమిల్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి ముందుకు వంగి, ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుని, "అమ్మా, వాడు…" అని మొదలుపెట్టాడు.

బోజెనా మెల్లగా చెయ్యి విడిపించుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

"ఇప్పుడొద్దులే," అంది. "ఇప్పుడు చెబితే తెలిసిపోతుంది."